కుప్ప అడుగున

కుప్పలోంచి తీసిన బత్తాయిని అంతయ్య ఒక్క క్షణం అరచేతిలో ఉంచుకుని పక్కకు జార్చాడు. పెద్దవి ఎడమకు, చిన్నవి కుడికి, మెత్తబడినవి వెనక్కి. కొత్తపేట మార్కెట్లో మొదలుపెట్టి బాటసింగారం చేరేదాకా, ముప్పై ఏళ్లుగా ఆ చేతులకు తూకం తెలుసు. మనిషి తన బరువును మాత్రం తాను ఎత్తి చూసుకోలేడు. అది మోకాలికే తెలుస్తుంది.

మార్కెట్ ఊరి బయటికి తరలినప్పటి నుంచి అతడు కర్మన్‌ఘాట్‌లో చీకటితోనే సైకిలెక్కుతున్నాడు. ఎడమ మోకాలు సహకరించడం మానేసి ఎన్నాళ్లయిందో ఎవరికీ చెప్పలేదు. ఈ నెలలో నాలుగుసార్లు ఆలస్యమైంది. సోమవారం నుంచి వేళకు రాకపోతే ఇంకొకరిని పెట్టుకుంటానని కమీషన్ ఏజెంటు ధనరాజ్ మెల్లగానే చెప్పాడు. మెల్లగా చెప్పిన మాటకు తిరుగుండదు.

పని ముగించి, మధ్యాహ్నానికి దిల్‌సుఖ్‌నగర్‌లోని బ్యాటరీ సైకిళ్ల దుకాణం చేరాడు. యజమాని బాపిరాజు గోదావరి వైపు మనిషి. లావు టైర్ల నల్ల సైకిలు చూపించి, మట్టికైనా తారుకైనా ఇదే రాజన్నాడు. అంతయ్య దాని మెరుపు చూడలేదు. వంగి, బ్యాటరీ కిందికి చెయ్యి పోనిచ్చి తడిమాడు.

“కుప్ప మీది కాయ ఎప్పుడైనా మంచిదే ఉంటది సార్. అడుగుది చూడాలె.”

తన దారి చాలావరకు హైవే అనీ, లారీలు నిలిచిపోయిన రోజు ప్లాట్ల మధ్య మట్టిబాటే గతి అనీ వివరించాడు. దుకాణం వెనక, కాలువ కోసం తవ్విపోసిన మట్టిమీద నడిపి చూస్తానన్నాడు.

“బ్యాటరీ బందు చెయ్యండి. ఉత్తగ తొక్కుత.”

“ఏసీ కొనడానికొచ్చి విసనకర్ర అడిగినట్టుందండీ మీ బేరం.”

“నడిమిట్ల చార్జింగ్ అయిపోతే ఎవరు నూకుతరు సార్? నేనే గదా.”

నల్లది మట్టిలో నిలబడింది గాని ముందుకు కదలలేదు. ఇంకొకటి, సన్నటైర్లది, తారుమీద తేలిపోయింది, కంకరలో జారింది. మూలన దుమ్ముపట్టిన బూడిదరంగుది మిగిలింది. నిరుటి మోడల్, నడిమిరకం టైర్లు. అది మొరాయించకుండా కదిలింది. రెండో చుట్టుకు చెమట కళ్లలోకి దిగింది. చాలు దిగమని బాపిరాజు రెండుసార్లు పిలిచాడు. అంతయ్య మూడో చుట్టు పూర్తిచేసే దిగాడు. ఊపిరి కుదుటపడేదాకా హ్యాండిల్ వదల్లేదు.

“గిదే ఇయ్యండి.”

పాత సైకిలును మార్పిడికింద అక్కడే విడిచాడు. మెత్తబడ్డ కాయను చూసినట్టు దాని సీటును బొటనవేలితో ఒకసారి నొక్కాడు. తర్వాత బ్యాటరీ ఆన్ చేసుకుని, ఎల్బీనగర్ వైపు వెళ్లే వాహనాల్లో కలిసిపోయాడు.

పాతదాన్ని లోపలికి తోసుకుపోబోతూ బాపిరాజు ఆగాడు. కుడి పెడలుకు రబ్బరే లేదు, ఇనుపకడ్డీ అరిగి అద్దంలా మెరుస్తోంది. ఎడమ పెడలు రబ్బరుమీద కంపెనీ అచ్చు ఇంకా చెరగలేదు.