బోర్డు మీద పెరిగిన అంకె

నేను ఒక స్టాప్‌వాచ్‌ని. గంటెంతయిందని నన్నడిగితే చెప్పలేను. పరుగు మొదలైన క్షణం నుంచి ఆగిన క్షణం దాకా ఎంత పట్టిందో మాత్రం సెకనులో ఐదో వంతు తేడా లేకుండా చెబుతాను. మంచు కురిసే దేశంలో, కంటికి భూతద్దం బిగించుకున్న ఒక ముసలావిడ నాకు వెంట్రుక కన్నా సన్నని స్ప్రింగు అమర్చింది. ఓడెక్కి వచ్చి, కాజీపేటలో ఒక డ్రిల్లు మాస్టారి మెడలో పందొమ్మిదేళ్లు వేలాడాను. ఆయన పోయాక ఆయన ఈల, బూట్లతో పాటు నేనూ హైదరాబాదులో గురువారం సంతకు చేరాను.

అక్కడ గోనెపట్టా మీద నన్ను చూసినవారు తాడినాడ పురుషోత్తంగారు. కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పే లెక్చరరు. గొంతుక్కూర్చుని, తన చేతి గడియారంతో నన్ను అరగంట సేపు సరిచూశారు. అమ్మేవాడు విసుగెత్తి, కొంటావా, పరీక్ష పెడతావా అన్నాడు. ఆయన రెండూ చేశారు.

ఆయనకు నేను కావలసింది గుర్రప్పందేల కోసం. ఏ మైదానమో చెప్పను. ఆదివారాలు అక్కడికి వచ్చే జనాన్ని చూస్తే నాకు జాలేసేది. భార్య పేరూ గుర్రం పేరూ ఒకటేనని ఒకడు కాసేవాడు. కలలో ఐదో నంబరు కనిపించిందని ఇంకొకడు. గుర్రం తన వంకే చూసి తల ఊపిందని మరొకడు. పురుషోత్తంగారు అలా కాదు. తెల్లవారుజామున గుర్రాలను సాధనకు తెచ్చేవేళకు కంచె దగ్గర నిలబడేవారు. పొగమంచులోంచి ముందు డెక్కల చప్పుడు, తరవాత గుర్రం వచ్చేది. ఒక స్తంభం దాటగానే నన్ను నొక్కేవారు, మరో స్తంభం దగ్గర మళ్లీ నొక్కేవారు. ఆ సెకన్లన్నీ పొడుగాటి నోటుబుక్కుల్లో గళ్లు కొట్టి రాసుకునేవారు. ఏ గుర్రం గెలిచే అవకాశం ఎంతో వాటి నుంచి లెక్కకట్టేవారు.

పందెం రోజున, కాసిన డబ్బు తీసుకునే బుకీల బోర్డులు చూసి, వాటి మీద మారే అంకెలనూ అదే నోటుబుక్కులో ఎక్కించేవారు. గుర్రం పేరు పక్కన మూడు అని ఉంటే, గెలిస్తే రూపాయికి మూడు రూపాయలు. జనం ఆ గుర్రం మీద ఎగబడితే అంకె తగ్గుతుంది. పట్టించుకోకపోతే పెరుగుతుంది. ఆ అంకె వెయ్యిమంది మనసుల సగటు అనేవారు ఆయన. తన లెక్కకూ ఆ సగటుకూ బాగా తేడా ఉంటేనే కాసేవారు. ఎక్కువ ఆదివారాలు ఒక్క పైసా కాయకుండానే ఇంటికి వెళ్లిపోయేవారు. తను ఆ జనంలో ఒకణ్ని కాననీ, బయట నిలబడి చూస్తున్నాననీ ఆయన నమ్మకం.

నేను ఆయన చేతికొచ్చిన ఏడో ఏట వానాకాలంలో ఆయనకొక విచిత్రం కంటపడింది. నిక్షేపంగా ఉన్న గుర్రం, నా లెక్క ప్రకారం గాలిలా పరిగెత్తే గుర్రం. పుకారు లేదు, జబ్బు లేదు. అయినా పందేనికి ముందు దాని అంకె పెరుగుతూ పోయింది. జనం పొరపాటు పడుతున్నారనుకుని ఆయన సంతోషంగా కాశారు. ఆ గుర్రం మలుపులో కాలు విరిగి పడింది. రెండు వారాల తరవాత మరో గుర్రానికి అలాగే పెరిగింది. ఈసారి జాకీ కింద పడ్డాడు, మళ్లీ లేవలేదు.

ఆయన సెలవు పెట్టి ఏడేళ్ల నోటుబుక్కులన్నీ తిరగేశారు. కారణం లేకుండా అంకె పెరిగిన గుర్రాలు పద్నాలుగు. అందులో పదకొండు కూలిపోయాయి. మామూలుగా అయితే మూడు నాలుగు వందల పరుగులకు ఒకటి కూలుతుంది. మూడుసార్లు లెక్క చేశారు, మూడుసార్లూ అదే వచ్చింది.

పాత బుకీ ఘన్‌శ్యామ్ సేఠ్‌ని వెళ్లి అడిగారు, ఆ గుర్రాల అంకె ఎందుకు పెంచావని. సేఠ్ చేతిలోని సుద్దముక్క కింద పెట్టాడు.

"నేను పెంచలే పంతులు సాబ్. ఎవ్వరూ అడగకపోతే అదే పెరుగుతది. వస్తరు, ఆ గుర్రం పేరు చెప్పనీకి నోరు తెరుస్తరు. నోట్లకెళ్లి వేరే పేరొస్తది. వాళ్లకే తెల్వదు."

ఆయన ఇంటికొచ్చి నోటుబుక్కులు మళ్లీ తెరిచారు. అప్పుడు కనిపించింది అసలు సంగతి. ఆ పద్నాలుగు గుర్రాలకూ పందేనికి ముందటి చివరి సాధన రోజు గడి ఖాళీగా ఉంది. సెకన్లు రాయలేదు. ఎందుకు రాయలేదో ఆయనకు గుర్తు రాలేదు. నాకు తెలుసు. ఆ గుర్రాలు ఎదురుగా పోతున్నప్పుడు ఆయన బొటనవేలు నా మీదే ఉంది, కాని నొక్కలేదు. కొయ్యలా బిగుసుకుపోయింది. నాకు నోరుంటే అప్పుడే చెప్పేవాణ్ని.

ఆగస్టులో ఒక గురువారం ఉదయం నీలాంబరి అనే ఆడగుర్రం సాధనకు వచ్చింది. పైన ఉన్నది ఐలయ్య. ముప్పై దాటినవాడు, నెమ్మదస్తుడు, పురుషోత్తంగారు కనిపిస్తే కొరడా పైకెత్తి నమస్కారం పెట్టే మనిషి. గుర్రం రెండు స్తంభాలూ దాటిపోయింది. పురుషోత్తంగారు నా వంక చూసుకున్నారు. నా ముల్లు సున్నా మీదే ఉంది.

ఆదివారం నాలుగో పందెం. నీలాంబరి అంకె రెండు. కాసేపటికి నాలుగయింది. ఏడయింది. పన్నెండు. జనం బోర్డు ముందు మామూలుగానే కబుర్లాడుకుంటున్నారు. పురుషోత్తంగారు జాకీలు గుర్రాలెక్కే చోటికి, కటకటాల దగ్గరికి పరిగెత్తారు. ఐలయ్యను పిలిచి ఉన్నదంతా చెప్పారు. పిచ్చివాడనుకుంటాడని ఆయన భయం. ఐలయ్య నవ్వలేదు. పొద్దున ఇంటి నుంచి బయలుదేరితే వీధిలో ఒక్కరూ పలకరించలేదని మాత్రం అన్నాడు.

"ఇవాళ ఎక్కకు ఐలయ్యా. కడుపునొప్పని చెప్పు."

"నేను దిగితే ఇంకొకడు ఎక్కుతడు సార్. వానికేం చెప్తరు?"

ఐలయ్య టోపీ పట్టీ బిగించుకుంటూ అడిగాడు.

"పద్నాలుగుల పదకొండు పడ్డయంటిరి. మిగిలిన మూడు ఎట్ల మిగిలినయి?"

ఆ ప్రశ్న ఆయన ఎన్నడూ వేసుకోలేదు. పడినవాటినే లెక్కపెట్టారు. ఆ పద్నాలుగింటి వివరాలూ ఎక్కించుకున్న నోటుబుక్కు చంకలోంచి తీసి అక్కడే తెరిచి చూశారు. ఆ మూడు సందర్భాల్లోనూ గంట కొట్టబోయే ముందు ఎవరో పెద్ద మొత్తం కాశారు. అంకె మళ్లీ దిగింది. గుర్రం క్షేమంగా తిరిగొచ్చింది.

సేఠ్ దగ్గరికి వెళ్లి నోరు తెరిచారు. "రాజహంస" అన్నారు. తల విదిలించి మళ్లీ ప్రయత్నిస్తే ఇంకేదో పేరొచ్చింది. ఆయన కంఠం మీద చెమట పట్టడం నాకు తగిలింది, అక్కడే వేలాడుతున్నాను గనక. చివరికి జేబులోని డబ్బంతా బల్ల మీద పెట్టి, నోరు గట్టిగా మూసుకుని, ఏడు వేళ్లు చూపించారు. నీలాంబరి నంబరు ఏడు. సేఠ్ ఆ వేళ్ల వంక చూసి చీటీ రాశాడు.

పంతులు ఊరికే కాయడని మైదానంలో అందరికీ తెలుసు. వెనకున్నవాడు ఏడన్నాడు. వాడి వెనకవాడూ ఏడన్నాడు. క్షణాల్లో బోర్డు ముందు తోపులాట మొదలైంది. పన్నెండు కాస్తా ఎనిమిదయింది, ఐదయింది, మూడు దగ్గర ఆగింది. పురుషోత్తంగారు కటకటాలు పట్టుకుని ఊపిరి వదిలారు.

అప్పుడు తల ఎత్తి బోర్డు మొత్తం చూశారు. జనమంతా ఏడు వైపు కదిలితే మిగతావాటిలో ఏదో ఒకటి ఖాళీ కావాలి. అది ఆయన పాతికేళ్లుగా క్లాసులో చెప్పిన పాఠమే. మూడో నంబరు అంకె పదిహేనుకు చేరింది. దాని మీదున్నవాడు దశరథ్, ఆ ఏడే లైసెన్సు తెచ్చుకున్న జాకీ. పురుషోత్తంగారి జేబులో ఇక పైసా లేదు. మూడు వేళ్లు పైకెత్తి సేఠ్ వైపు తిరిగారు. గంట మోగింది.

నీలాంబరి ఎనిమిది గుర్రాల్లో ఆరోదిగా వచ్చింది. ఐలయ్య క్షేమంగా దిగాడు. పంతుల్ని నమ్మి కాసినవాళ్లు ఆయన్ని నోటికొచ్చినట్టు తిట్టారు. ఆయనకు వినపడలేదు. మలుపు దగ్గర, మూడో నంబరు గుర్రం కూలినచోట, తెల్ల గుడ్డలు అడ్డం పట్టారు. దశరథ్‌ని ఆ చాటునుంచే బండెక్కించారు.

ఆ తరవాత ఆయన మైదానానికి వెళ్లలేదు. నోటుబుక్కులు వేడినీళ్ల పొయ్యిలో పెట్టారు. పదకొండో రోజున నన్ను జేబులో వేసుకుని దశరథ్ ఇల్లు వెతుక్కుంటూ వెళ్లారు. తల్లి బుచ్చమ్మ ఒక్కతే ఉంది. ఆయన చాప మీద కూర్చుని, అంకెలన్నీ వదిలేసి, తాను చేసింది చేసినట్టు చెప్పారు. ఒకణ్ని తప్పించబోయి మీవాణ్ని ఎదురు పెట్టానమ్మా అన్నారు.

బుచ్చమ్మ ఏడవలేదు, శపించలేదు. కొంగు వేలికి చుట్టుకుంటూ గడప వైపు చూసింది.

"ఆ ఇంకో పిలగాడు మంచిగున్నడా?" అని అడిగింది.

ఉన్నాడని చెప్పారు. ఆమె లేచి టీ పెట్టింది. వెళ్లేటప్పుడు ఆయన నన్ను గూట్లో, దశరథ్ ఫొటో పక్కన పెట్టారు. తీసుకెళ్లమని ఆమె అనలేదు.

నేనిప్పుడు అక్కడే ఉన్నాను. నన్నెవరూ నొక్కరు. ప్రతి సోమవారం మధ్యాహ్నం ఒక మనిషి వస్తాడు. గుర్రపుస్వారీ మానేసి గడ్డి వ్యాపారం చేస్తున్నాడట. కూరగాయల సంచీ లోపల పెట్టి, ఇంటి పైకప్పో కుళాయో బాగుచేసి, ఫొటో వైపు చూడకుండా చాప మీద కూర్చుంటాడు. తానెవరో చెప్పాలని ప్రతిసారీ గొంతు సవరించుకుంటాడు, ఐలయ్య.

బుచ్చమ్మ అతని కంచంలో ఇంకో గరిటె అన్నం వేస్తుంది. "తిను బిడ్డా, తరవాత చెప్దువు," అంటుంది.