కరపత్రంలో లూసియెన్

కరపత్రం శనివారం పొద్దున్న తలుపు సందులోంచి లోపల పడింది. కాజిమిర్ కళ్ళజోడు పెట్టుకుని ముందుగా వెతికింది తన ఇంటిపేరు. వహోవియాక్. ఒక్క అక్షరం పొల్లుపోలేదు. బొగ్గు తవ్వడానికి పోలండు నుంచి వచ్చిన తండ్రి ఇచ్చిన పేరది. బళ్ళో పంతులు మొదలు పింఛను ఆఫీసు గుమాస్తా దాకా ఈ ఫ్రెంచి ఊళ్ళో దాన్ని ఖూనీ చెయ్యనివాడు లేడు. ఇంత శ్రద్ధగా అచ్చువేశారంటే ఈ పార్టీవాళ్ళు మంచివాళ్ళే అయ్యుంటారనుకున్నాడు. డెబ్బై ఆరేళ్ళ మనిషి ఉబ్బిపోవడానికి అంతకన్నా ఏం కావాలి?

పేరు పక్కన తన ఫోటో, దాని కింద తను చెప్పిన గని కథ ఉన్నాయి.

మూడు వారాల కిందట సొలెన్ అనే అమ్మాయి ఈ పార్టీ తరఫున మునిసిపల్ ఎన్నికల పని మీద ఆ ఇంటికి వచ్చింది. ఊరు అప్పటికే చితికిపోయి ఉంది. గనులు మూతపడి పాతికేళ్ళు కావస్తోంది, తీగల ఫ్యాక్టరీ మూతపడి రెండేళ్ళు. మాంసం కొట్టుకు తాళం, రెండు కెఫేలకు తాళం. చేతిలో పనిలేని కుర్రాళ్ళు బస్టాపులో కూర్చుని, రాని బస్సును కాదు, పక్క వీధి అరబ్బులను తిట్టుకుంటున్నారు. పాత పార్టీవాళ్ళు ఓట్లప్పుడు వీధిలోంచే చెయ్యి ఊపి పోయేవాళ్ళు. ఈ అమ్మాయి మాత్రం లోపలికొచ్చి కూర్చుని, చికోరీ కాఫీ రెండు గిన్నెలు తాగింది.

"తాతగారూ, గనిలో రోజులు ఎలా ఉండేవండీ?" అని అడిగింది.

ఆ ప్రశ్న అడిగే మనిషి కోసం కాజిమిర్ పదేళ్ళుగా కాచుకుని ఉన్నాడు. భార్య ఇరేన్ పోయాక ఆ ఇంట్లో వినే చెవి లేదు. ఇక ఆగుతాడా? గనివాళ్ళు చేసుకునే సెయింట్ బార్బరా పండుగనాడు బ్యాండుమేళం ఇంటింటి ముందూ ఆగడం, పావురాల పందేలు, అన్నీ ఏకరువు పెట్టాడు. ఎనభై మూడులో గని పైకప్పు కూలితే ఆరు గంటలు రాళ్ళ కింద ఉండిపోయిన సంగతీ, స్నేహితుడు లూసియెన్ బయటికి లాగిన సంగతీ చెప్పాడు. ఆమె అంతా రాసుకుంది. వెళ్ళేటప్పుడు ఆమె చెయ్యి వదలబుద్ధి కాలేదు అతనికి.

ఇప్పుడు అచ్చులో ఇలా ఉంది: "ప్రాణాలకు తెగించి వహోవియాక్‌ను బయటికి లాగింది లూసియెన్. నిఖార్సయిన ఫ్రెంచి బిడ్డ. ఈ ఊరు అలాంటి మన బిడ్డలది, బయటినుంచి వచ్చి పడ్డవాళ్ళది కాదు."

కాజిమిర్ ఆ వాక్యాలు మళ్ళీ చదివాడు. లూసియెన్ మొరాకోవాడు. డెబ్బై నాలుగులో కొండ ఊరి నుంచి ఈ గనికి వచ్చినవాడు. నాలుగు వీధుల అవతల ఉంటాడు. ఈ కాగితం వాళ్ళ తలుపు సందులోనూ పడే ఉంటుంది.

నలభై ఏళ్ళుగా, ప్రతి ఆదివారం పది గంటలకు లూసియెన్ కాఫీకి వస్తాడు. మర్నాడు పది దాటింది, పదకొండు దాటింది, గిన్నెలో కాఫీ చల్లారింది. ఈ వయసులో ఆ ఒక్క స్నేహమూ పోతే ఇక గోడలతో మాట్లాడుకోవాల్సిందే. కోటు వేసుకుని బయల్దేరాడు.

దారి పొడుగునా గని స్నానాల గదే గుర్తొచ్చింది. బట్టలన్నీ గొలుసులకు తగిలించి కప్పు దాకా లాగేవాళ్ళు. కింద వేడినీళ్ళ ఆవిరి, సబ్బు వాసన, పోలిష్ బూతులు, అరబ్బీ పాటలు. ఎవడి వీపు వాడికి అందదు కనక ఒకడి వీపు ఇంకొకడు రుద్దాలి. అది గని ఆచారం. పద్నాలుగేళ్ళు కాజిమిర్ వీపు రుద్దింది లూసియెనే. "నీ వీపు మీద గోధుమలు చల్లొచ్చురా, అంత మట్టి!" అనేవాడు. ఎంత బాగుండేవి ఆ రోజులు! ఊపిరితిత్తుల నిండా దుమ్ము పట్టించిన రోజులే, అయినా మళ్ళీ రమ్మంటే పరుగెత్తుకు వెళ్తాడు.

లూసియెన్ భార్య ఫద్మా తలుపు తీసింది. ఎప్పుడూ "వచ్చాడమ్మా తిండిపోతు" అని నవ్వే మనిషి, ఇవాళ పక్కకు తప్పుకుందంతే. బల్ల మీద కరపత్రం పరిచి ఉంది.

"కూర్చో," అన్నాడు లూసియెన్. "ఎవడ్రా ఈ ఫ్రెంచి బిడ్డ? నేనూ అక్కడే ఉన్నాగా, నాకెక్కడా కనపళ్ళేదే. ఓసారి చూపిస్తే చెయ్యి కలిపొస్తా."

"ఆ పిల్ల అబద్ధం రాసిందిరా! రేపే వాళ్ళ ఆఫీసుకెళ్ళి దుమ్ము దులిపేస్తా."

"ఆ పిల్లకి నువ్వేం పేరు చెప్పావు?"

"నీ పేరే. లూసియెన్ అని."

"మొరాకోవాణ్ణని చెప్పావా?"

"అదేం చెప్తాంరా? మనవాడివి కదా!"

"మరింకేం. నువ్వు చెప్పిందే రాసుకుంది."

కొత్తగా వచ్చినవాళ్ళ పేర్లు నోరు తిరగవని, గని మేస్త్రీ మొదటిరోజే ఒక్కొక్కడికి ఒక్కో ఫ్రెంచి పేరు తగిలించేవాడు. ఒకడు మార్సెల్, ఒకడు గాస్తోన్, ఇతను లూసియెన్. మిగతావాళ్ళూ అలాగే పిలిచారు.

"ప్రేమతోనే కదరా పిలిచాం," అన్నాడు కాజిమిర్.

"కాదన్నానా? నలభై ఏళ్ళు పలికాను. ఇరేన్‌ను మట్టి చేసిన రోజునా ఆ పేరుకే పలికాను. కానీ నిన్న మా మనవరాలు ఈ కాగితం చదివి, 'అయితే తాతా, కాజిమిర్ తాతని నువ్వు తీశానని చెప్పేది అబద్ధమా?' అంది. దానికేం చెప్పను?"

కాజిమిర్ బల్ల మీది కరపత్రాన్ని దగ్గరికి లాక్కున్నాడు. "మార్పిస్తాన్రా. నీ అసలు పేరు వేయిస్తా. ఇంతంత అక్షరాల్లో, లహ్సెన్ అని."

"లహ్సెన్... తర్వాత?"

కాజిమిర్ ఆలోచించాడు. ఎడమ భుజం కింద ఎక్కడ మచ్చ ఉందో తెలుసు. టీలో ఎన్ని చక్కెర బిళ్ళలో, వాళ్ళమ్మ ఏ నెలలో పోయిందో తెలుసు. చిన్నప్పుడు వాళ్ళింట్లో ఉన్న కంచరగాడిద పేరు కూడా తెలుసు. ఇంటిపేరు తెలియదు. ఫద్మా పొయ్యి వైపు తిరిగి నిలబడింది.

"బయట పోస్టు డబ్బా మీద ఉంది," అన్నాడు లహ్సెన్. గొంతులో కోపం లేదు. "వెళ్ళేటప్పుడు చూసుకో."

బయట వాన మొదలైంది. కాజిమిర్ కళ్ళజోడు తుడుచుకుని, డబ్బా మీదికి వంగి చదివాడు. ఐత్ బువాలి. నోరు తిరగని పేరేమీ కాదు. రెండోసారి పైకే చదువుతుంటే, లోపల్నుంచి తలుపు గడియ వేసిన చప్పుడు వినిపించింది.