కాలు కింద పెట్టకుండా

సంచిలో రెండు జతల బట్టలు, తువ్వాలు, మెత్తటి చెప్పులు, సగం చదివిన పుస్తకం సర్దాను. గ్యాసు కట్టేశానా అని మూడోసారి వెళ్ళి చూశాను. పదిహేను రోజులకు చెల్లెలింటికే, అయినా సంచి చూస్తే నా గుండె పీచుపీచుమంటుంది. మా అమ్మ కూడా రెండు రోజుల్లో వచ్చేస్తానని చెప్పే ఆసుపత్రికి వెళ్ళింది, మళ్ళీ రాలేదు.

మూడేళ్ళుగా మడమ నొప్పి. పొద్దున్నే మంచం దిగి మొదటి అడుగు వేస్తే మేకు దిగినట్టుండేది. వంటింట్లో నలభై ఏళ్ళు నిలబడ్డ కాలు మరి. మొదటిసారి డాక్టరమ్మ నా చేతి నుంచే రక్తం తీసి, గిర్రున తిప్పే యంత్రంలో పెట్టి, పైకి తేలిన పసుపుపచ్చ నీటిని మడమలోకి ఎక్కించింది. దెబ్బతిన్నచోటును మాన్పే కణాలు అందులో ఉంటాయట. "కొన్నాళ్ళు కాలు కింద పెట్టకండి" అంది.

మా ఆయన నవ్వాడు. పెళ్ళికి ముందు మా నాన్నతో తనన్నదీ అదే: "మీ అమ్మాయిని కాలు కింద పెట్టనివ్వనండీ."

"నీ రక్తం నీకే ఎక్కించారా? ఈ మాత్రానికి ఆసుపత్రెందుకు?" అన్నాడు దారిలో. మూడోరోజు ఆయన స్నేహితులు నలుగురు భోజనానికొచ్చారు. "ఒక్క పూటేగా, గోడ పట్టుకుని చేసెయ్." చేశాను.

నెల తర్వాత డాక్టరమ్మ మడమ నొక్కి చూసింది. "మందు పనిచెయ్యలేదా, మీరు పనిచేశారా?"

నేను నోరు తెరిచేలోపే ఆయనే అందుకున్నాడు. "ఇంట్లో పనేముంటుందండీ, ఉన్నది ఇద్దరమే."

అందుకే రెండో ఇంజెక్షన్ చేయించుకుని చెల్లెలింట్లో ఉందామనుకున్నాను. బయల్దేరుతుంటే ఆయన గుమ్మంలో నిలబడి "ఉప్పెక్కడుంది?" అన్నాడు. నలభై ఏళ్ళుగా పొయ్యి పక్కనే ఉందని చెప్పాను.

చెల్లెలు నన్ను నిజంగానే మంచం దిగనివ్వలేదు. పళ్ళెం తెచ్చి చేతికిచ్చేది. మొదటి రెండు రోజులు అది పట్టుకుని ఏడ్చాను. "ఏమిటక్కా, అంత అధ్వాన్నంగా వండానా?" అంది. మెల్లగా మేకు మొద్దుబారింది.

పదిహేనో రోజు ఆయన ఫోను.

"నిలబడగలుగుతున్నావా?"

"నిలబడగలను."

"అయితే వచ్చెయ్. గిన్నెలన్నీ అలాగే ఉన్నాయి."

నొప్పి ఎలా ఉందని అడుగుతాడేమోనని కాసేపు ఆగాను. పెట్టేశాడు.

సంచి సర్దాను. చెప్పులేసుకుని గేటు దాకా నడిచాను కూడా. తిరిగొచ్చి సంచి విప్పాను. ఆయన సరిగా తింటున్నాడో లేదోనని ఇప్పటికీ నాకు ముద్ద దిగదు.

ఆయన నన్ను తీసుకెళ్ళడానికి రాలేదు. నేను ఆ ఇంటికి తిరిగి వెళ్ళలేదు. సంచి విప్పింది ఆరేళ్ళ కిందట, జూలై నెల మొదటి మంగళవారం.