కొలకర్ర మీద పావు గీత

డ్రమ్ముల మేస్త్రి గీసిన గీత ఇరవై ఏళ్ళలో ఒక్కటి కూడా తప్పలేదు. కావాలంటే నేను పూచీ పడతాను. రేకు వంచి, అతుకులు వేసి, గుండ్రటి నీళ్ళ ట్యాంకును అడ్డంగా పడుకోబెట్టి బిగించాక ఆయన ఇంటివాళ్ళ చేతికి ఒక కర్ర ఇస్తాడు. దాని మీద ఎర్ర రంగుతో పావు, సగం, ముప్పావు గీతలుంటాయి. మూత తీసి కర్ర దించి, తడి ఎక్కడిదాకా వచ్చిందో చూస్తే లోపల నీళ్ళెన్నో తెలిసిపోతుంది. ఆ వీధిలో గడియారాన్ని నమ్మనివాళ్ళు కూడా ఆ కర్రను నమ్ముతారు.

ఒక ఆదివారం ఉదయం మేస్త్రి సెలూన్ కుర్చీలో మెడకు గుడ్డ కట్టించుకుని కూర్చున్నాడు. పక్క కుర్చీలో మందుల షాపాయన. వాళ్ళబ్బాయీ మేస్త్రి కూతురూ హైస్కూల్లో ఒకే తరగతి. వచ్చే ఏడాది కాలిక్యులస్ చదివేవాళ్ళకు బడిలో రెండు స్థాయిలు పెట్టారు. ఒకదానిలో పాఠాలు నిదానంగా సాగుతాయి. రెండోదానిలో ఆ పాఠాలన్నీ సగం కాలంలోనే ముగించి, ఇంకా పైవి కూడా చెబుతారు. బడివాళ్ళు వాటికి మర్యాదైన పేర్లే పెట్టారు గాని, వీధికి అవి చిన్న కాలిక్యులస్, పెద్ద కాలిక్యులస్.

"మావాడు పెద్దదే," అన్నాడు షాపాయన అద్దంలోకి చూసుకుంటూ. "మరి మీ అమ్మాయి?"

కాలిక్యులస్ అంటే తినేదో తొడుక్కునేదో మేస్త్రికి తెలియదు. పెద్దది అన్న మాట మాత్రం తెలుసు.

"చిన్నది మా ఇంటా వంటా లేదు. మాదీ పెద్దదే."

"ట్యాంకు సైజుల్లాంటివన్నమాట," అన్నాడు సెలూన్ యజమాని, అంతా అర్థమైనట్టు.

చదువరులారా, అక్కడ ఎవరికీ తప్పేమీ కనిపించలేదు. ముగ్గురు పెద్దమనుషులు కలిసి ఒక పిల్ల ఏడాది చదువును జుట్టు కత్తిరించేలోగా తేల్చేశారు. ఆ పిల్లను ఒక మాట అడగాలని ఒక్కరికీ తట్టలేదు.

మేస్త్రి ఇంటికొచ్చేసరికి బడి ఫారం బల్ల మీద ఉంది. చిన్నదాని గడిలో టిక్కు, కింద తండ్రి సంతకానికి ఖాళీ.

"ఇదేంటమ్మా, తప్పు గడిలో పెట్టావు?"

"తప్పు కాదు నాన్నా. ఒక లెక్కను అటూ ఇటూ తిప్పి చూడకపోతే నాకు తోచదు. పెద్దదానిలో అంత తీరికుండదు. పోయినేడు అలాగే పరిగెత్తానుగా. మార్కులొచ్చాయి, ఇప్పుడు ఒక్క ముక్క గుర్తులేదు. లెక్కలంటేనే విసుగొచ్చేసింది."

"నేను సెలూన్లో చెప్పేశానే."

"సెలూన్లో చెప్పినవన్నీ జుట్టుతో పాటు ఊడ్చేస్తారు లెండి," అంది ఆయన భార్య వంటింట్లోంచి.

మేస్త్రి నవ్వలేదు. "శుక్రవారం దాకా టైముంది. ఆలోచించుకో," అన్నాడు. ఆలోచించుకో అంటే నా మాట విను అని అర్థం. అది తెలిసిన అమ్మాయి మొహం చిన్నబోయింది.

మర్నాడు సాయంత్రం అమ్మాయి తండ్రి ట్యాంకుల షాపులో కూర్చుని ఉండగా లాండ్రీ నడిపే ఆవిడ కర్ర పట్టుకుని వచ్చింది.

"మేస్త్రీ, నీ కర్ర నన్ను ముంచేస్తోంది. నిండు ట్యాంకుతో ఇరవై విడతల బట్టలు ఉతుకుతాను. పావు ఉందంటే ఐదు విడతలు రావాలా? నాలుగో విడత జాడిస్తుండగానే నీళ్ళు అయిపోయాయి."

"ఎక్కడో కారుతుందేమో చూసుకోవమ్మా."

"కారితే నేల తడవదా?"

"నువ్వే నీళ్ళు ఎక్కువ వాడుంటావు."

"బట్టల దాహం ఎంతో నాకు తెలీదా?"

అమ్మాయి కర్ర అందుకుంది. "నాన్నా, ఈ గీతలు ఎలా పెడతావు?"

"అదేముంది? అరవై అంగుళాల ఎత్తు, నాలుగు భాగాలు. పదిహేను, ముప్పై, నలభై ఐదు."

"ట్యాంకు గుండ్రంగా పడుకుని ఉందిగా. అడుగున ఇరుకు, నడుమ వెడల్పు. మరి గీతల మధ్య దూరం సమానంగా ఎలా ఉంటుంది?"

మేస్త్రి సుత్తి అందుకుని రేకు వంచే పనిలో పడ్డాడు.

వచ్చే ఏడాది పాఠ్యపుస్తకాన్ని అమ్మాయి లైబ్రరీ నుంచి ముందే తెచ్చుకుంది. ట్యాంకులోని నీళ్ళను రేకంత పలుచని పొరలుగా కోసినట్టు ఊహించుకుని, ఆ పొరలన్నీ కూడటం మొదలుపెట్టింది. నాలుగు రోజులు పట్టింది. అట్టముక్కలు గుండ్రంగా కత్తిరించింది, చారలు గీసింది, కొట్టేసింది, మళ్ళీ గీసింది. మేస్త్రి అతుకులు వేస్తూనే ఓరకంట చూశాడు. లెక్క తప్పినప్పుడల్లా ఆ పిల్ల నవ్వుతోంది. పోయినేడు మార్కులొచ్చినప్పుడు కూడా ఆమె అలా నవ్వడం ఆయన చూడలేదు.

గురువారం సాయంత్రం ఆమె లేచి, "పావు గీత ఉండాల్సింది పదిహేను దగ్గర కాదు నాన్నా, పద్దెనిమిది దగ్గర. గోరంత తక్కువ," అంది.

"ఇరవై ఏళ్ళుగా గీస్తున్నాను తల్లీ."

"అయితే నీళ్ళనే అడుగుదాం."

మేస్త్రి షాపు ముందు అదే ఎత్తున్న, సరిగ్గా వంద బకెట్లు పట్టే ట్యాంకు ఉంది. అందులో పాతిక బకెట్లు పోస్తే పావు. లాండ్రీ ఆవిడ కొంగు బిగించి బకెట్టు అందుకుంది. వీధి వీధంతా చేరింది. సెలూన్లోంచి ఒక మనిషి సగం గడ్డం గీయించుకుని, మిగతా సగం సబ్బు నురగతో పరుగెత్తుకొచ్చాడు. లెక్కపెట్టే బాధ్యత తీసుకున్న షాపాయన పదిహేడు తర్వాత పంతొమ్మిది అన్నాడు. పిల్లలు అరిచి ఆయన్ని వెనక్కి లాగారు. పాతికో బకెట్టు పడ్డాక మేస్త్రి స్వయంగా కర్ర దించి పైకి తీసి, అంగుళాల టేపు పెట్టి కొలిచాడు.

తడి పదిహేనును దాటింది, పదహారును దాటింది, పద్దెనిమిదికి గోరంత కింద ఆగింది.

ఒక్క గీతా తప్పలేదని మొదట్లో నేను పడిన పూచీని ఇక్కడ సంతోషంగా వెనక్కి తీసుకుంటున్నాను. ఇరవై ఏళ్ళుగా ఆ వీధిలో సగం గీత ఒక్కటే ఒప్పు. మిగతావన్నీ తప్పే.

షాపాయన కొడుకు మందుల కవరు వెనక చకచకా నాలుగు వరుసలు రాసి, "కరెక్టే. పద్దెనిమిదికి కొంచెం తక్కువ," అన్నాడు.

"చూశారా, మావాడికి ఐదు నిమిషాలు," అన్నాడు షాపాయన.

"కానీ నాన్నా, మన ట్యాంకుకీ ఇదే కర్ర. నాకు ఆ ప్రశ్న ఎప్పుడూ తట్టలేదు. నాకు పరిగెత్తడం సరదా, తనకి ఆగి చూడటం సరదా," అని ఆ అబ్బాయి అమ్మాయి నోటుబుక్కు తీసుకుని అట్టముక్కలు తిరగేయసాగాడు.

మేస్త్రి పకపకా నవ్వాడు. "గుండ్రటి ట్యాంకుకి సమానంగా గీతలు గీసి ఇన్నేళ్ళు నెగ్గుకొచ్చాను. నా కూతురికీ అలాగే గీయబోయాను. లోపల ఎలా ఉందో చూడకుండా పైనుంచి గీత పెడితే ట్యాంకుకైనా తప్పే, పిల్లకైనా తప్పే." తర్వాత సెలూన్ యజమాని వైపు తిరిగాడు. "విన్నావా? మాది చిన్నది. అమ్మాయి కోరి తీసుకుంది."

ఫారం తెప్పించి, తడి ట్యాంకు మీదే పెట్టి సంతకం చేశాడు. సిరా కాస్త అలుక్కుపోయింది. బడివాళ్ళు ఒప్పుకున్నారు.

మర్నాటి నుంచి ఆ షాపు ముందు జనం పాత కర్రలతో బారులు తీరారు. తండ్రి పాత గీతలు గీకేస్తుంటే కూతురు కొత్తవి దిద్దింది. లాండ్రీ ఆవిడ కొత్త పావు గీత దాకా ఉన్న నీళ్ళతో ఐదు విడతలూ ఉతికి, ఆ కబురు చెప్పడానికే ప్రత్యేకంగా వచ్చింది.

ఇందులో నేను కల్పించింది ఒక్కటే. సగం గడ్డంతో ఎవరూ పరుగెత్తుకు రాలేదు. ఆ మనిషి గడ్డం పూర్తిగా గీయించుకునే వచ్చాడు. కావాలంటే ఆయన్ని కథలోంచి పూర్తిగా తీసేయండి. మీ ఇంట్లోనూ అలాంటి ఫారం బల్ల మీద ఉంటే మాత్రం, వీధికి చెప్పేముందు పిల్లను అడగండి.