తిరిగొచ్చాక చేయవలసినవి

పిచ్చుక జన్మలో విమానం ఎక్కలేదు. కానీ విమానం ఎక్కి, సముద్రం దాటి, ఏడాది పొడుగునా ఎండలూ వానలూ పోటీ పడే ఆ దేశానికి వెళ్ళేవాళ్ళు ఏం చేయాలో, ఏం చేయకూడదో చెప్పేది మాత్రం ఆవిడే. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు గానీ, ఆవిడ నోటికొచ్చింది రాసే మనిషి కాదు. ట్రావెల్స్ ఆఫీసులో తన బల్ల ముందు, వెళ్ళొచ్చిన ప్రతివాళ్ళనీ కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, అక్కడేం అవస్థ పడ్డారో గుచ్చి గుచ్చి అడిగి, పదకొండేళ్ళలో ముప్ఫై నాలుగు జాగ్రత్తలు పోగేసింది. పొద్దున్నే బూట్లు దులిపి గానీ కాలు పెట్టకండి. ఎండకి రాసుకునే క్రీము ముందు, దోమల క్రీము తరవాత. పాస్‌పోర్టు నకళ్ళు రెండు, రెండూ వేరువేరు సంచుల్లో. మూత మీ ఎదురుగా తీసిన సీసా నీళ్ళే తాగండి, ఐసు జోలికి పోకండి. తడిసిన బూట్లలో రాత్రిపూట పాత పేపర్లు కూరండి. ఇలా.

పిచ్చుక అంటే చిన్నప్పుడు పిట్టంత ఉండేదని అక్క పెట్టిన పేరు. ఇప్పుడు యాభై దగ్గరపడి, మనిషి గుమ్మం నిండా వస్తున్నా, అక్క ఒకసారి ఆఫీసుకొచ్చి నలుగురిలో పిలిచిన పాపానికి అక్కడా అదే స్థిరపడిపోయింది.

ఆ కాగితంలో మూడు భాగాలుండేవి. బయలుదేరే ముందు, అక్కడున్నప్పుడు, తిరిగొచ్చాక. రెండు వైపులా అచ్చు వేసేవాళ్ళు. ఒకరోజు ఓనరు వచ్చి, "రెండోవైపు సూట్‌కేసుల కొట్టువాళ్ళు ప్రకటన ఇస్తామన్నారు. మీరు కాస్త కుదించి ఒక్కవైపుకి తెండి" అన్నాడు. పిచ్చుక మూడు రోజులు ముఖం మాడ్చుకుని తిరిగింది. అక్షరాలు చిన్నవి చేసింది, సందులు తగ్గించింది. అయినా నాలుగు వాక్యాలు పట్టలేదు. చివరికి, తిరిగొచ్చాక కాగితం ఎవరు చూస్తార్లే అనుకుని, ఆ మూడో భాగం మొత్తం తీసేసింది. బట్టలు వేడినీళ్ళలో ఉతకమని ఒకటి. బీమా కాగితాలు వారంలోగా పంపమని ఒకటి. జ్వరం వస్తే ఎక్కడికి వెళ్ళొచ్చారో డాక్టరుకి ముందే చెప్పమని ఒకటి. వారానికొకటి వేసుకునే దోమజ్వరం మాత్ర తిరిగొచ్చాక కూడా నాలుగు వారాలు ఆపవద్దని ఇంకొకటి. ఓనరు కుదించమన్నాడే గానీ ఏది తీయాలో చెప్పలేదు. తీసింది పిచ్చుకే.

నోటితో చెబుదాంలే అనుకుంది. ఆ తరవాత వెళ్ళిన రెండు జట్లకీ చెప్పింది కూడా. మూడో జట్టు పదకొండు మంది. అందులో ఆవిడ అక్కా బావా ఉన్నారు.

అక్క టైలరు. ముప్ఫై ఏళ్ళు మిషను తొక్కి తొక్కి, ఒక్కసారి ఆ సముద్రం మీద వాన పడుతుంటే చూడాలని పట్టుబట్టింది. బావ బస్సు డ్రైవరు, తను తోలని బండి ఎక్కాలంటే ఆయనకి అనుమానం. అయినా భార్య మాట కాదనలేదు. అక్క ఆ కాగితాన్ని మిషను మీద అంటించుకుని ఒక్కొక్కటీ చేస్తూ టిక్కు పెట్టుకుంది. లేతరంగు, పొడుగు చేతులు, వదులు బట్టలు అని రాసి ఉంటే, జట్టులో ఉన్న పదకొండు మందికీ తనే చొక్కాలు కుట్టేసింది. బయలుదేరే రోజు ఆఫీసులో అందరూ అవి తొడుక్కుని నిలబడ్డారు. "నన్ను చూస్తే కాంపౌండరనుకుని సూది వేయమంటారు" అన్నాడు బావ. ఆ నవ్వుల్లో, ఒకరి చొక్కా ఇంకొకరికి వెళ్ళిపోయిన గొడవలో, పిచ్చుక చెప్పాల్సిన మాట చెప్పలేదు.

రెండు వారాల తరవాత అక్క నల్లబడి, సంబరపడుతూ ఆఫీసుకి వచ్చింది. చేతిలో రెండు మాత్రల అట్టలు.

"ఎనిమిదేసి ఇచ్చారు కదే. వెళ్ళేముందు రెండు, అక్కడ రెండు వేసుకున్నాం. ఇద్దరివీ నాలుగేసి మిగిలాయి. పారేయడానికి మనసొప్పలేదు. తరవాత వెళ్ళేవాళ్ళకి ఇయ్యి."

అప్పుడు పిచ్చుక ఒక చెవికి ఫోను ఆనించుకుని, ఎదురుగా కూర్చున్నవాళ్ళకి టికెట్లు చూపిస్తోంది. "అందరూ నీలాగా ఉంటే ఎంత బావుణ్ణక్కా" అని ఆ అట్టలు తీసుకుని సొరుగులో పడేసింది. ఎనిమిదెందుకిచ్చారో తెలిసిన మనిషి, లెక్క తనే కట్టిన మనిషి, చేయి చాచి తీసుకుంది. ఏమనాలి ఆవిణ్ణి?

తిరిగొచ్చిన పదమూడో రోజున అక్కకి చలిజ్వరం వచ్చింది. వీధి చివరి డాక్టరు జలుబు జ్వరమన్నాడు. ఎక్కడికి వెళ్ళొచ్చారని ఆయన అడగలేదు, చెప్పాలని వీళ్ళకి తెలియలేదు. బావకి మాత్రం రోగమేమిటో తేలిపోయింది. చివరిరోజు సముద్రం ఒడ్డున అక్క ఐసు వేసిన నిమ్మరసం తాగింది. "వద్దంటే విన్నావా? మీ చెల్లెలు అంత స్పష్టంగా రాస్తే నీకు లెక్కలేకపోయింది" అని నాలుగు రోజులూ సణుగుతూనే ఉన్నాడు. అయిదో రోజు అక్క మాట తడబడితే పెద్దాసుపత్రికి పరుగెత్తారు. కబురు తెలిసి పిచ్చుకా అక్కడికి వచ్చింది.

అక్కడి డాక్టరమ్మ రక్తం చూసి, ఎక్కడికి వెళ్ళొచ్చారు, మాత్రలు ఎలా వేసుకున్నారు అని అడిగింది. బావ జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి, "ఇందులో ఉన్నది ఉన్నట్టు చేశామండీ, ఆ నిమ్మరసం తప్ప" అని ఆవిడ చేతిలో పెట్టి మందుల చీటీతో కిందికి పరుగెత్తాడు. డాక్టరమ్మ కాగితం చదివింది. తిప్పి చూసింది. వెనక సూట్‌కేసు బొమ్మ.

"అన్నీ ఎంతో తెలిసినవాళ్ళు రాసినట్టే ఉంది" అంది పిచ్చుకతో. "తిరిగొచ్చాక నాలుగు వారాలు మాత్ర ఆపకూడదన్న ముక్క ఒక్కటే లేదు. ఆ ముక్క ఉంటే ఈవిడ ఇక్కడికి వచ్చేవారు కాదేమో."

పిచ్చుక మెట్ల దాకా నడిచి ఓనరుకి ఫోను చేసింది. "మీరెవరికీ ఏమీ చెప్పకండి. చెబితే మన తప్పని మనమే ఒప్పుకున్నట్టు" అన్నాడాయన. తప్పు కాకపోతే కదా ఒప్పుకోకుండా ఉండటానికి. ఆవిడ ఆ మెట్ల మీదే కూర్చుని మిగతా తొమ్మిది మందికీ ఫోను చేసింది. పొరపాటు నాదే, మాత్రలు ఇవాళే మళ్ళీ మొదలుపెట్టండి, డాక్టరుకి చూపించుకోండి అని తొమ్మిదిసార్లు చెప్పింది. ఒకాయన నోటికొచ్చినట్టు తిట్టాడు. ఇద్దరికి అప్పటికే ఒళ్ళు వెచ్చబడింది, వెంటనే ఆసుపత్రికి వెళ్ళారు కాబట్టి గట్టెక్కారు.

ముక్కూ ముఖం తెలియనివాళ్ళకి చెప్పగలిగిన మాట బావకి చెప్పలేకపోయింది. ఆఫీసుకి వెళ్ళి సొరుగులోంచి అట్ట తెచ్చి, "డాక్టరమ్మ మిమ్మల్ని కూడా వేసుకోమన్నారు బావా" అంది. ఆయన ఎందుకని అడగలేదు. అక్క లేచి కూర్చున్నాక ఇద్దరి ముందూ చెప్పేద్దాం, తిడితే తిట్టనీ, కొడితే కొట్టనీ అనుకుంది. కుడితిలో పడ్డ ఎలుకలా రెండు రోజులు ఆ వరండాలోనే కొట్టుకులాడింది.

మూడో రోజు సాయంత్రం అక్కకి తెలివొచ్చింది. ఒక్కళ్ళనే లోపలికి రానిస్తామంటే బావ వెళ్ళాడు. పది నిమిషాల తరవాత కళ్ళు తుడుచుకుంటూ వచ్చి, "మాట్లాడింది. పరవాలేదు" అన్నాడు. తెల్లవారి ఎనిమిది గంటలకి అక్క పోయింది.

అంతా అయిపోయిన నాలుగో రోజున పిచ్చుక వాళ్ళింటికి వెళ్ళింది. పలకరించడానికి వచ్చిన ఇరుగుపొరుగుతో బావ మిషను పక్కన కూర్చుని అదే చెబుతున్నాడు.

"మరదలు రాసిన కాగితానికి వంక పెట్టడానికి లేదండీ. ఈవిడే వినలేదు. ఒక్క గ్లాసు నిమ్మరసం కోసం ప్రాణం మీదికి తెచ్చుకుంది."

వాళ్ళు అయ్యో అంటూ తలలూపి, కాసేపుండి వెళ్ళిపోయారు. పోయిన మనిషి మీద ఇంకొక్క మాట పడితే తను బతకలేననిపించింది పిచ్చుకకి.

"అక్క తప్పేం లేదు బావా" అంది. తీసేసిన భాగం గురించి, మిగిలిన మాత్రలు తను తీసుకోవడం గురించి, తొమ్మిది ఫోన్ల గురించి, డాక్టరమ్మ పేరు పెట్టి ఆయనతో ఆడిన అబద్ధం గురించి, ఏదీ దాచకుండా చెప్పింది. "నేనే చంపాను బావా అక్కని" అంది.

బావ అరుస్తాడనుకుంది, గెంటేస్తాడనుకుంది. గెంటేస్తే బావుణ్ణనుకుంది.

"మరి ఆ నిమ్మరసం?" అన్నాడాయన.

"దానికీ దీనికీ సంబంధం లేదు. అది దోమ కుట్టి వచ్చిన జ్వరం."

ఆయన తన అరచేతి వంక చూసుకున్నాడు.

"ఆ రోజు లోపలికి వెళ్తే నా చెయ్యి పట్టుకుంది. తప్పయిపోయిందండీ, మీరు వద్దన్నా తాగాను, ఇంకెప్పుడూ మీ మాట దాటను, కోపం పెట్టుకోకండి అని ఏడ్చింది. నేనూ పెద్దమనసు చేసుకుని, సరేలే, ఈసారికి క్షమించానులే అన్నాను."