బోణీ నోటు

పరకాల పోశయ్యకు ఏది చూసినా వింతే. తండ్రి పోయాక భూమి తన పేరు మీదికి ఎక్కించమని తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి చెప్పులు అరిగాయి. చెయ్యి తడపనిదే కాగితం కదలదన్నాడు గుమాస్తా సారంగపాణి. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని ఊరికే అన్నారా! కడుపు మండిన పోశయ్య నేరుగా లంచగొండులను పట్టే ఏసీబీ వాళ్ల దగ్గరికి పోయాడు.

ఇన్‌స్పెక్టర్ వంద నోటుకు ఏదో తెల్లపొడి రాశాడు. "ఇది ముట్టినవాడి వేళ్లు మా మందునీళ్లలో ముంచితే ఎర్రబడతాయి. వాడు తీసుకోగానే నువ్వు తలరుమాలు దులుపు. మేం వచ్చేస్తాం."

వేళ్లు ఎర్రబడతాయన్న మాట దగ్గరే పోశయ్య మనసు ఆగిపోయింది. మిగతాది సగమే చెవికెక్కింది.

మర్నాడు పొద్దున్నే ఆఫీసులో సారంగపాణి ఆ నోటు అందుకుని, రెండు కళ్లకూ అద్దుకుని, లక్ష్మీదేవి పటం వెనక పెట్టాడు. పోశయ్య వాడి వేళ్లనే చూస్తూ నిలబడ్డాడు. ఎర్రబడలేదు. ఇంకాసేపు చూశాడు. ఈలోగా వాడు లేచి వెళ్లి, సబ్బుతో చేతులు కడుక్కొచ్చి టిఫిన్ డబ్బా విప్పాడు. అప్పుడు గుర్తొచ్చింది మహానుభావుడికి తలరుమాలు!

ఇన్‌స్పెక్టర్ వచ్చి గ్లాసులోని మందునీళ్లలో వాడి వేళ్లు ముంచితే నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి.

"నోటు ఆయనే పటం కాడ పెట్టి మొక్కిండు సార్, నాకేం ఎరుక?" అన్నాడు సారంగపాణి తాపీగా.

ఇక వీడు బతికుండగా ఆ భూమి తనది కాదనుకున్నాడు పోశయ్య. తన పాడు కళ్లను తానే తిట్టుకున్నాడు. తిట్టుకుంటుంటేనే తట్టింది.

"సారూ, చేతులు కడుక్కున్నడు గని మొఖం కడుక్కోలే. తీసుకోంగనే కండ్లకద్దుకున్నడు. జర కండ్లు చూడుండ్రి."

ఇన్‌స్పెక్టర్ దూదితో రెప్పలు తుడిచి, ఆ దూదిని మందునీళ్లలో వేశాడు. గ్లాసులో గులాబీ రంగు విచ్చుకుంది. పోశయ్య అన్నీ మరిచి గ్లాసు మీదికి వంగి చూశాడు. తన భూమి తనకు దక్కినట్టేనని ఆ తర్వాతే తోచి, కళ్లలో నీళ్లు తిరిగాయి.

"పొద్దుగాల మొదటి బేరం గద సార్" అన్నాడు సారంగపాణి నీరసంగా. "కండ్లకద్దుకోకుంటే ఎట్ల?"

వెనక బల్లల దగ్గర మిగతా గుమాస్తాలు ఒక్కొక్కరే జేబురుమాలు తీసి కళ్లు తుడుచుకుంటున్నారు. పోశయ్య వాళ్లను కూడా వింతగా చూస్తూ నిలబడ్డాడు.