బావ నిద్రకు కాపలా

మా బావకు నిద్ర పట్టక ఏడు నెలలైందని గుడివాడ డాక్టరమ్మకు చెప్పింది నేనే. బావంటే నా మేనత్త కొడుకు, నన్ను కట్టుకున్న శోభనాద్రి. ఆయన పక్కనే కూర్చుని, "అంత లేదండీ, కాస్తో కూస్తో కునుకు పడుతూనే ఉంటుంది" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"పడుతుందండీ, స్కూటరు మీద! మొన్న ముదినేపల్లి రోడ్డులో ఎదురుగా లారీ వస్తుంటే కళ్ళు మూశాడు. ఆ లారీ అబ్బాయి పుణ్యాత్ముడు, పక్కకి తిప్పుకున్నాడు."

ఆమె మాత్రలు రాయలేదు. పగలు పడుకోకూడదు, నాలుగు దాటాక టీ తాగకూడదు, సాయంత్రం నడవాలి, గడియారం చూడకూడదు అంది. పదింటికి మంచమెక్కాలి, పట్టినా పట్టకపోయినా ఐదింటికి లేవాలి. ఎంతకీ పట్టకపోతే దొర్లకుండా లేచి కాసేపు కూర్చోవాలి. అన్నీ చెప్పి నాకేసి తిరిగి, "ఈసారి లారీ తప్పుకోకపోవచ్చమ్మా. ఈయన నిద్రపోవాలి" అంది.

నిద్ర ఎందుకు పోయిందో ఆమెకు బావ చెప్పలేదు. పోయినేడు కార్తీకంలో మూడు రోజులు ముసురు పట్టింది. ఎండ లేకపోతే చేపల చెరువులో గాలి తగ్గిపోతుంది. తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తాయి. అప్పుడు ఇంజను వేసి, గాలి కలిసేలా చెరువు నీళ్ళే తోడి చెరువులోకి చిమ్మాలి. ఆ రాత్రి కాపలా ఉన్న బావ ఒక్క గంట కళ్ళు మూశాడు. లేచేసరికి మా ఐదెకరాల చెరువూ చచ్చిన చేపలతో తెల్లగా ఉంది. నేను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేదేమో.

డాక్టరమ్మ చెప్పినవన్నీ పట్టుగా పాటించాను. గోడ గడియారం తీసి బియ్యం డబ్బాలో పెట్టాను. నాలుగవగానే టీ పొడి దాచేశాను. మధ్యాహ్నం రెప్ప వాలితే చాలు, చిక్కుడుకాయలు ముందు పోసి ఈనెలు తీయమనేదాన్ని.

"నువ్వు పెళ్ళానివా, పోలీసువా?" అన్నాడు ఓ రోజు.

"నువ్వు నిద్రపోయిన రోజు పెళ్ళాన్ని. అప్పటిదాకా పోలీసునే."

మూడు వారాలకి కొంచెం నయమైంది. పదింటికి ఆవులింతలు వచ్చేవి. కానీ అర్ధరాత్రి కాగానే టార్చి పట్టుకుని చెరువు గట్టు మీదికి పోయేవాడు. ఇదేమిటంటే డాక్టరమ్మ లేవమంది కదా అనేవాడు. లేచి కూర్చోమందయ్యా మగడా, గట్టు చుట్టూ ప్రదక్షిణాలు చేయమందా!

అంతలో ఆషాఢం ముసురు పట్టింది. రెండు రోజులు సూర్యుడి ముఖం లేదు. మూడో రోజు సాయంత్రం బావ గట్టు మీద నడుస్తూ తూలి మోకాళ్ళ మీద పడ్డాడు. ఒక్క అడుగు అటు పడితే నీళ్ళలోనే.

"ఈ రాత్రి కాపలా నాది. నువ్వు పడుకో" అన్నాను.

"నీకేం తెలుసే?"

"ఇరవై రెండేళ్ళు నీతో కాపురం చేసినదాన్ని, ఇంజనొక లెక్కా?"

"ధనం! నువ్వూ నాలాగే నిద్రపోతే?"

'నాలాగే' అంటూ ఆయన చెరువుకేసి చూశాడు. నాకు కోపం పోయి ఏడుపొచ్చింది. "పోను బావా. నీ మీద ఒట్టు" అన్నాను.

మా ఇల్లు గట్టు మీదే. రెండు గదులు, రేకుల కప్పు. బావ మంచం పక్క కిటికీకి పదడుగుల దూరంలో ఇంజను. గడియారం బియ్యం డబ్బాలోంచి తీసి నా దగ్గర పెట్టుకున్నాను. పదింటికి పడుకున్నాడు. పావుగంటకి గురక మొదలైంది. దొంగ గురక! నిజం గురక నాకు తెలీదా? "చాల్లే బావా, వేషాలు" అన్నాను బయటి నుంచే. గురక ఆగిపోయింది. అర్ధరాత్రి టార్చి కోసం వచ్చాడు. ఇవ్వలేదు. కాసేపు అరుగు మీద నా పక్కన కూర్చుని లోపలికి వెళ్ళాడు.

రెండు దాటాక కిటికీలోంచి చూశాను. నోరు తెరుచుకుని ఉంది, ఒక చెయ్యి మంచం మీంచి జారి వేలాడుతోంది. వేషం వేసేవాడు చెయ్యి అలా వదిలెయ్యడు. నిజం నిద్ర. ఎనిమిది నెలల తర్వాత.

మూడున్నరకి చెరువులో చప్‌మని చప్పుడైంది. టార్చి వేశాను. నీళ్ళ మీద నాలుగు నోళ్ళు. కాసేపటికి ఇరవై. ఆ తర్వాత లెక్క లేదు.

ఇంజను వేస్తే ఆయన లేస్తాడు. వెయ్యకపోతే చేపలు పోతాయి. చేపలు పోతే ఆయన మళ్ళీ జన్మలో కళ్ళు ముయ్యడు. ఎటు చూసినా చిక్కే. ఇంకొంచెం సేపు పడుకోనిద్దామని నిలబడ్డాను. ఒక పెద్ద బొచ్చె చేప నా కాళ్ళ దగ్గరే పక్కకి వాలింది. ఇక ఆగలేదు.

ఇంజను మీట ఎత్తి హ్యాండిల్ తిప్పాను. పట్టలేదు. మళ్ళీ తిప్పాను. హ్యాండిల్ వెనక్కి తన్ని మణికట్టు మీద కొట్టింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కొంగు బిగించి, తల్లీ అంకమ్మా అని మూడోసారి తిప్పి మీట వదిలాను. ఇంజను భళ్ళుమంది. రేకులు అదిరాయి. గొట్టంలోంచి నీళ్ళు ఎగజిమ్మాయి.

కిటికీ దగ్గరికి పరుగెత్తాను, "పడుకో బావా, నేనున్నా" అని చెప్పడానికి. బావ అటు తిరిగి, దుప్పటి లాక్కుని, ఇంకా గట్టిగా నిద్రపోయాడు. అంత మోతలో!

తెల్లారింది. మబ్బు విడి కాస్త ఎండ తగిలాక చేపలు అడుక్కి దిగాయి. ఏడో ఎనిమిదో చచ్చి తేలాయి, అంతే. ఆరు దాటింది. డాక్టరమ్మ లెక్కన గంట కిందటే లేపాలి. ముందు ఇంజను ఆపాను.

లోపల మంచం కిర్రుమంది. కిటికీ దగ్గరికి వెళ్ళాను. బావ ఎగిరిపడి లేచి కూర్చున్నాడు. ముఖాన చెమట.

"ఎందుకాపావే?"

"తెల్లారింది బావా. చేపలు బాగానే ఉన్నాయి."

కిటికీలోంచి చెరువుకేసి చూశాడు. నా చేతికేసి చూశాడు. మళ్ళీ పక్క మీద వాలాడు, కళ్ళు మాత్రం తెరిచే ఉన్నాయి.

ఇరవై రెండేళ్ళ కాపురంలో చుక్క డీజిలు వృథా చేసినదాన్ని కాదు. వాచిన చేత్తోనే మీట ఎత్తి, ఈసారి బావ నిద్ర కోసం మళ్ళీ హ్యాండిల్ తిప్పాను.